గోధుమ చేనులో విత్తనం, ఎరువు, కలుపు: మూడింటికీ కలిపి లెక్క వేసుకునే పద్ధతి

తెలంగాణలో గోధుమ పెద్ద పంట కాదు. ఆదిలాబాద్ నల్లరేగళ్లలో సోయా కోసిన తరువాత, జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు బావుల కింద, యాసంగిలో కొద్దికొద్దిగా వేస్తారు. అందువల్ల వరికి, పత్తికి దొరికినంత సలహా గోధుమకు దొరకదు. దొరికిన సలహాలో కూడా విత్తన మోతాదు ఒకచోట, ఎరువు మరొకచోట, కలుపు మందు ఇంకొకచోట ఉంటాయి. చేనులో మాత్రం ఇవి విడివిడిగా పనిచేయవు. మీరు చల్లిన యూరియా గోధుమకు అందుతుందా, పప్పుకూర అనే కలుపు మొక్కకు అందుతుందా అన్నది ఆ రోజుకు నేలను ఏది ఎక్కువగా కప్పి ఉందన్న దానిమీద ఆధారపడుతుంది. నేలను ఏది కప్పుతుందన్నది చదరపు మీటరుకు ఎన్ని గోధుమ మొక్కలు, ఎంత సమంగా మొలిచాయన్న దానిమీద ఆధారపడుతుంది. అందుకే ఇక్కడ పనులను చేనులో జరిగే వరుసలోనే, ఒకదానికి మరొకటి ఎలా ముడిపడిందో చూపుతూ చెబుతున్నాను.

ముందుగా గింజను తూచండి

సకాలంలో, నీటి వసతి కింద వేసే గోధుమకు హెక్టారుకు 100 కిలోలు, అంటే ఎకరాకు 40 కిలోల విత్తనం అన్నది సాధారణ సిఫారసు. ఈ లెక్క వెయ్యి గింజలు సుమారు 40 గ్రాములు తూగుతాయన్న అంచనా మీద నిలబడింది. ఆ బరువు ఉంటే 40 కిలోల్లో సుమారు 10 లక్షల గింజలు ఉంటాయి, చదరపు మీటరుకు దాదాపు 250 గింజలు పడతాయి. లోక్-1 వంటి లావు గింజ రకానికీ, సన్న గింజ రకానికీ ఒకే బరువు విత్తనం వేస్తే మొక్కల సంఖ్య ఒకటే రాదు.

కాబట్టి సంచి విప్పగానే చేతికందిన గింజలు 1,000 లెక్కపెట్టి, కిరాణా దుకాణంలోనైనా సరే, గ్రాముల్లో చూపే కాటా మీద తూయండి. మరో 100 గింజలను తడి గోనెపట్టాలో చుట్టి, తడి ఆరకుండా ఏడెనిమిది రోజులు ఉంచి, ఎన్ని మొలిచాయో చూడండి. ధ్రువీకరించిన విత్తనంలో కనీసం 85 మొలవాలి. ఇంట్లో దాచుకున్న విత్తనమైతే ఈ పరీక్ష మానకండి.

చదరపు మీటరుకు 220 మొక్కలు నిలవాలనుకుందాం. వేసిన గింజల్లో నూటికి 85 మొక్కలుగా నిలుస్తాయనుకుంటే, వెయ్యి గింజల బరువు 36 గ్రాములున్న విత్తనం ఎకరాకు సుమారు 38 కిలోలు, 40 గ్రాములున్నది 42 కిలోలు, 48 గ్రాములున్నది 50 కిలోలు కావాలి. ఇదే లావు గింజను 40 కిలోలే వేస్తే నిలిచే మొక్కలు చదరపు మీటరుకు 175 దగ్గర ఆగిపోతాయి.

175 ఉంటే నష్టమేమిటని అడగవచ్చు. కలుపు లేని చేనులో నష్టం పెద్దగా ఉండదు, ఎందుకంటే గోధుమ పలచగా ఉంటే పిలకలు ఎక్కువ వేసి సరిదిద్దుకుంటుంది. అయితే పిలకలు వేయడానికి చల్లని రోజులు కావాలి. పంజాబ్‌లో ఆ చలి చాలాకాలం ఉంటుంది. మన దగ్గర డిసెంబరు, జనవరి దాటితే ఎండ ముదురుతుంది, కాబట్టి పిలక దశ పొట్టిది. పైగా పిలకలు వచ్చి ఖాళీ నిండేలోపు ఆ ఖాళీలో కలుపు కూర్చుంటుంది. విత్తనం కాస్త ఎక్కువ పడటం వల్ల వచ్చే లాభంలో పెద్ద భాగం కలుపు ఉన్న చేనులోనే కనిపిస్తుంది. శుభ్రమైన చేనులో అది అంతగా కనిపించదు గనుక, "తక్కువ వేసినా అంతే పండింది" అన్న పక్క రైతు మాట అబద్ధం కాకపోవచ్చు, కానీ అది అతని చేనుకు సంబంధించిన మాట.

అలాగని 60, 70 కిలోలు గుమ్మరించకండి. మరీ ఒత్తుగా మొలిచిన గోధుమ ఒకదాని నీడలో ఒకటి సన్నని కాడలతో పెరుగుతుంది. గాలికి పడిపోతుంది, కంకి చిన్నదవుతుంది, గింజ పాలు పోసుకునే వేళకు నీటికి కటకటలాడుతుంది. దిగుబడి లెక్క చూడండి: చదరపు మీటరుకు 400 కంకులు, కంకికి 30 గింజలు, గింజకు 40 మిల్లీగ్రాములు అయితే 480 గ్రాములు, అంటే ఎకరాకు సుమారు 19 క్వింటాళ్లు. ఇది కాగితం మీది లెక్క, కళ్లంలో కొంత తగ్గుతుంది. మొక్కలు పెంచుకుంటూ పోతే మొదటి అంకె పెరుగుతుంది, మిగతా రెండు తగ్గుతాయి. ఒక హద్దు దాటాక పెరిగిన దానికంటే తగ్గినదే ఎక్కువవుతుంది.

నేలను సిద్ధం చేసేటప్పుడే ఒక తరం కలుపును చంపండి

నవంబరు మొదటి వారం నుంచి మూడో వారం వరకు విత్తడానికి అనువైన కాలం. దానికి పది, పన్నెండు రోజుల ముందు ఒక తడి ఇచ్చి వదిలేస్తే పైపొరలోని కలుపు గింజలు మొలుస్తాయి. పదును రాగానే తేలికగా, పైపైన మాత్రమే గుంటక తోలి వాటిని చంపి, వెంటనే విత్తండి. లోతుగా దున్నితే అడుగున ఉన్న మరో దొంతర కలుపు గింజలు పైకి వస్తాయి, చేసిన పని వృథా అవుతుంది.

కలుపును ఒక్క మందుకే వదిలేయకూడదన్న విషయాన్ని హర్యానా, పంజాబ్ రైతులు చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్నారు. అక్కడ వరి తరువాత వేసే గోధుమలో గుల్లీదండా అనే గడ్డి జాతి కలుపు ఉంది. చిన్నప్పుడు అచ్చం గోధుమ మొక్కలాగే ఉంటుంది. దాని మీద ఏళ్ల తరబడి ఐసోప్రోట్యూరాన్ అనే ఒకే మందు కొట్టడంతో 1990ల మొదట్లో ఆ మందుకు అది లొంగడం మానేసింది. తరువాత కొత్త మందులు వచ్చాయి, వాటిలో కొన్నింటికి కూడా లొంగకుండా పోయింది. అప్పుడు రైతులు దున్నకుండా విత్తడం, చలి ముదరకముందే విత్తడం, సాళ్లు దగ్గర చేయడం వంటి పద్ధతుల వైపు చూడక తప్పలేదు. ఉత్తరాది నుంచి ఎవరైనా విత్తనం తెచ్చి ఇస్తే, అందులో ఆవగింజ కంటే చిన్నగా, నిగనిగలాడే బూడిదరంగు గింజలు ఉన్నాయేమో పళ్లెంలో పోసి వెతకండి. ఉంటే ఆ విత్తనం మీ చేనులోకి రానివ్వకండి.

సీడ్ డ్రిల్‌ను చేనుకు తీసుకెళ్లే ముందు తిప్పి చూడండి

చేత్తో వెదజల్లిన గోధుమ ఒకచోట ఒత్తుగా, ఒకచోట పలచగా పడుతుంది. ఒత్తుగా పడినచోట గోధుమ గోధుమతో పోటీ పడుతుంది, పలచగా పడినచోట కలుపుకు చోటు దొరుకుతుంది. ఎకరం సగటు సరిగ్గానే ఉండవచ్చు, కానీ కలుపు సగటును చూసి మొలవదు. డెన్మార్క్‌లో జేకబ్ వైనర్, ఆయన సహచరులు వసంతకాలపు గోధుమ మీద చేసి 2001లో ప్రచురించిన ప్రయోగాల్లో ఇదే తేలింది: మొక్కలు పెరిగేకొద్దీ కలుపు బరువు తగ్గింది, అవే మొక్కలను సాళ్లలో గుమిగూర్చకుండా నేలంతా సమంగా పరిచినప్పుడు ఇంకా తగ్గింది.

మనకు అందుబాటులో ఉన్నది 20 నుంచి 22.5 సెంటీమీటర్ల సాళ్లు వేసే ట్రాక్టరు సీడ్ డ్రిల్. దాన్ని సరిచూసుకోవడం అరగంట పని. నేలచక్రం చుట్టుకొలత టేపుతో కొలవండి. 1.2 మీటర్లు ఉందనుకుంటే 20 చుట్లకు 24 మీటర్లు. డ్రిల్‌కు 22.5 సెంటీమీటర్ల దూరంలో 9 గొట్టాలుంటే వెడల్పు సుమారు 2 మీటర్లు. అంటే 20 చుట్లకు 48.6 చదరపు మీటర్లు విత్తినట్లు. ఎకరం 4,047 చదరపు మీటర్లు, కాబట్టి ఎకరాకు 40 కిలోలు పడాలంటే ఈ 20 చుట్లలో 480 గ్రాములు రాలాలి. ప్రతి గొట్టం కింద ఒక కవరు కట్టి, చక్రాన్ని చేత్తో 20 సార్లు తిప్పి, కవర్లను విడివిడిగా తూయండి. ఒక్కోదాంట్లో 53 గ్రాముల దరిదాపులో ఉండాలి. ఒక కవరులో 35, మరో కవరులో 70 వస్తే మొత్తం సరిపోయినా ఆ డ్రిల్‌ను సరిచేయకుండా చేనులోకి దించకండి.

ఒక ఏడాది నేను ఈ పని చేయకుండానే డ్రిల్ దింపాను. మధ్యలో ఒక విత్తన గొట్టం మూతిలో మట్టి ఇరుక్కుని గింజ రాలలేదు, కానీ దాని పక్కనున్న ఎరువు గొట్టం మాత్రం చక్కగా పనిచేసింది. పది రోజులకు మొలకలు వచ్చినప్పుడు ప్రతి చాలులోనూ ఒక 45 సెంటీమీటర్ల సందు కనిపించింది. నలభయ్యో రోజుకు ఆ సందులో పప్పుకూర ఎవరో సాలు పట్టి విత్తినట్టు, నల్లటి పచ్చదనంతో మోకాలెత్తు నిలబడింది. సందుకు అటూ ఇటూ ఉన్న గోధుమ దుబ్బులు కాస్త లావెక్కాయి గానీ పోయిన సాలుకు సరిపడా పండలేదు. డీఏపీ ఖర్చు పెట్టి పప్పుకూర పెంచినట్టయింది. అప్పటినుంచి ప్రతి మళ్లింపు దగ్గర దిగి గొట్టాలు చూడటం అలవాటైంది.

కలుపు బాగా వచ్చే చేనని ముందే తెలిస్తే రెండు మార్గాలున్నాయి. డ్రిల్‌కు వీలుంటే సాళ్ల దూరం 15 నుంచి 18 సెంటీమీటర్లకు తగ్గించండి. వీలు లేకపోతే విత్తనాన్ని సగం చేసి ఒక సగం నిలువుగా, మరో సగం అడ్డంగా విత్తండి. ట్రాక్టరు కిరాయి రెండింతలవుతుంది, కాబట్టి చేనంతా కాక కలుపు ముదిరిన ముక్క వరకే చేయమంటాను. లోతు ఎక్కడైనా 5 సెంటీమీటర్లకు మించకూడదు. ఇప్పుడు వేసేవన్నీ దాదాపు పొట్టి రకాలు, వాటి మొలక తొడుగు కూడా పొట్టిదే, కాబట్టి లోతుగా పడిన గింజ పైకి రాలేదు, వచ్చినా ఆలస్యంగా, బలహీనంగా వస్తుంది. రెండు, మూడు రోజులు ముందు మొలిచిన మొక్కదే పైచేయి, అది గోధుమైనా కలుపైనా.

ఆఖరి దుక్కి ఎరువు గింజ కింద పడాలి

నీటి వసతి కింద సకాలంలో వేసిన గోధుమకు హెక్టారుకు నత్రజని 120, భాస్వరం 60, పొటాష్ 40 కిలోలు అన్న మోతాదును ఆధారంగా తీసుకుందాం. ఎకరాకు అవి 48, 24, 16 కిలోలు. భూసార పరీక్ష చేయించి ఉంటే ఆ కార్డు ప్రకారం మార్చుకోండి. సంచుల్లో చెప్పాలంటే డీఏపీ 52 కిలోలు వేస్తే భాస్వరం 24 కిలోలూ అందుతుంది, దానితోపాటు 9 కిలోలకు పైగా నత్రజని కూడా వస్తుంది. మిగిలిన నత్రజనికి యూరియా 84 కిలోలు, పొటాష్‌కు మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 27 కిలోలు కావాలి. 45 కిలోల యూరియా సంచులు రెండు పూర్తిగా కూడా అక్కరలేదు. మూడో సంచి కొనే అలవాటు ఉంటే ఇక్కడే మానుకోవచ్చు.

భాస్వరం నేలలో పడ్డచోటు నుంచి పెద్దగా కదలదు. చేనంతా వెదజల్లితే సాళ్ల మధ్య మొలిచిన కలుపు వేళ్లకూ అంతే దగ్గరగా ఉంటుంది. ఎరువు గొట్టం ఉన్న డ్రిల్‌తో గింజకు నాలుగైదు సెంటీమీటర్ల కింద పడేలా వేస్తే గోధుమ వేరు మొదట అందుకుంటుంది. యూరియాను మాత్రం గింజకు తాకేలా వేయకండి, మొలక మాడిపోతుంది. మీ డ్రిల్‌లో ఎరువు, గింజ ఒకే గాడిలో పడుతుంటే డ్రిల్‌లో డీఏపీ మాత్రమే పోసి, యూరియాను ఆఖరి దుక్కిలో కలపండి.

సాధారణ పద్ధతిలో సగం నత్రజని ఇప్పుడు, సగం మొదటి తడికి ఇస్తారు. అంటే ఇప్పుడు డీఏపీతోపాటు యూరియా 32 కిలోలు, తరువాత 52 కిలోలు. నా అభిప్రాయంలో కలుపు ఒత్తిడి ఎక్కువున్న చేనులో ఈ 32ను సగానికి తగ్గించి, ఆ మిగతాదాన్ని కలుపు తీసిన తరువాతి వాయిదాకు జరపడం మంచిది. మొదటి పది రోజులు గోధుమ మొలక గింజలోని నిల్వ మీదే ఎక్కువగా బతుకుతుంది. ఆ రోజుల్లో పైపొరలో కరిగి ఉన్న నత్రజని కలుపుకే ఎక్కువ పనికొస్తుంది.

ఎరువు కలుపును పెంచుతుందా, అణచుతుందా అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ పరిశోధనా కేంద్రంలో బ్రాడ్‌బాక్ అనే చేనులో 1843 నుంచి గోధుమ ప్రయోగం నడుస్తోంది. అందులో ఒక భాగంలో ఇప్పటికీ కలుపు మందు వాడరు. ఆ భాగంలో నత్రజని ఎక్కువ వేసిన మళ్లలో పైరు ఒత్తుగా పెరిగి నేలకు నీడ పడటంతో కలుపు జాతుల సంఖ్య తగ్గింది. అయితే నత్రజనిని ఇష్టపడే కొన్ని జాతులు అక్కడే విజృంభించాయి. నత్రజని వేయని మళ్లలో తీగలా పాకే పప్పుజాతి కలుపు చేరింది. అంటే ఎరువు మోతాదు కలుపు ఎంతన్నదే కాక, ఏ కలుపన్నది కూడా మారుస్తుంది. మన చేలలో పప్పుకూర, తోటకూర జాతులు నత్రజనిని ఆబగా తినేవే.

పన్నెండో రోజున మొక్కలను లెక్కపెట్టండి

ఒక మీటరు కర్ర తీసుకుని చేనులో పది చోట్ల, కంటికి బాగున్న చోట్లే కాకుండా అడుగులు లెక్కపెట్టి ఆగినచోట, సాలు వెంట కర్ర పెట్టి మొక్కలు లెక్కించండి. 22.5 సెంటీమీటర్ల సాళ్లలో మీటరుకు 50 మొక్కలుంటే చదరపు మీటరుకు సుమారు 220 ఉన్నట్టు. 20 సెంటీమీటర్ల సాళ్లలో 44 చాలు. మీటరుకు 40కి తగ్గితే చేను పలచగా ఉందని తెలుసుకుని, కలుపు మీద రెట్టింపు కన్ను వేయండి. పైపాటు యూరియా, అంటే పైరు పెరిగేటప్పుడు చల్లే యూరియా, పెంచి పలచదనాన్ని పూడ్చాలన్న ఆలోచన ఇక్కడే పుడుతుంది. ఖాళీలో గోధుమ లేనప్పుడు అదనపు యూరియా ఆ ఖాళీలో ఉన్నదానికే చేరుతుంది.

ఇరవయ్యో రోజు: ముందు కలుపు, తరువాత యూరియా, వెంటనే నీళ్లు

విత్తిన 20 నుంచి 22 రోజుల మధ్య గోధుమ మొక్క మొదట్లో, నేలకు కాస్త దిగువన, కిరీటపు వేర్లు పుడతాయి. పిలకలన్నీ వీటి మీదే ఆధారపడతాయి. ఈ దశలో పైపొర ఎండి ఉంటే వేర్లు దిగవు, తరువాత ఎన్ని తడులు ఇచ్చినా ఆ లోటు తీరదు. కాబట్టి ఏ కారణం చేతనూ ఈ తడి వాయిదా వేయకండి.

యూరియా కూడా ఈ తడితోనే ఇవ్వాలి, కానీ కలుపు తీయకుండా ఇవ్వకూడదు. ఇక్కడ రైతుకు నిజమైన చిక్కు ఎదురవుతుంది. మొలిచిన కలుపు మీద కొట్టే మందులు ఎక్కువగా 30 నుంచి 35 రోజులప్పుడు, తడి ఇచ్చి కాలు నిలిచే పదును వచ్చాక కొడతారు. యూరియా వేళ మాత్రం 20వ రోజు. మందు కొట్టేలోపు పది రోజుల పాటు కలుపు యూరియా తింటుంది. దీన్ని మూడు రకాలుగా దాటవచ్చు. విత్తిన ఒకటి, రెండు రోజుల్లో తడి నేల మీద పెండిమిథాలిన్ అనే కలుపు మందు కొట్టి ఉంటే 20వ రోజుకు చేను చాలావరకు శుభ్రంగా ఉంటుంది, మొత్తం యూరియా అప్పుడే ఇవ్వవచ్చు. కూలీలు దొరికితే 18వ రోజున చేతి కలుపు తీయించి యూరియా, నీళ్లు ఇవ్వండి. రెండూ కుదరకపోతే నీళ్లు వేళకు ఇచ్చి, యూరియా మూడో వంతు మాత్రమే చల్లి, మిగతాది మందు కొట్టి కలుపు వాడిపోయాక 38 నుంచి 40 రోజులకు, రెండో తడితో ఇవ్వండి.

నల్లరేగడిలో యూరియాను తడికి ముందు చల్లితే నీటితోపాటు లోపలికి దిగుతుంది. ఈ నేలలు క్షార స్వభావం ఉన్నవి కావడంతో, చెమ్మగా ఉన్న నేల మీద చల్లి అలాగే వదిలేస్తే నత్రజని అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది. తేలిక నేలల్లో మాత్రం నీళ్లు పెట్టి, పదును వచ్చాక చల్లాలి, లేకపోతే వేళ్ల కిందికి కొట్టుకుపోతుంది. పొట్ట దశ దాటాక వేసిన యూరియా కంకుల సంఖ్యను పెంచదు, పైరును పడగొట్టడానికే ఎక్కువ సాయం చేస్తుంది.

కలుపు మందు కొట్టాల్సి వస్తే

వెడల్పాకు కలుపుకు మెట్సల్ఫ్యూరాన్ మిథైల్ 20 శాతం పొడి ఎకరాకు 8 గ్రాములు చాలు. గడ్డి జాతికి క్లొడినాఫాప్ 15 శాతం పొడి 160 గ్రాములు. రెండింటికీ ఎకరాకు 150 నుంచి 200 లీటర్ల నీళ్లు, చదునుగా విసనకర్రలా పడే నాజిల్ వాడండి. కలుపు రెండు నుంచి నాలుగు ఆకుల మీద ఉన్నప్పుడే కొట్టాలి. సల్ఫోసల్ఫ్యూరాన్ అనే మరో కలుపు మందు కొడితే తరువాత ఆ చేనులో జొన్న, మొక్కజొన్న వేయకండి, దాని అవశేషం వాటిని దెబ్బతీస్తుంది.

వెడల్పాకు కలుపు మీద కొట్టే 2,4-డి చవకగా దొరుకుతుంది, గోధుమకు సిఫారసు కూడా ఉంది. అయితే ఆదిలాబాద్ వైపు పక్క చేనులో ఇంకా పీకని పత్తో, శనగో ఉంటుంది. గాలికి కొట్టుకొచ్చిన కొద్దిపాటి తుంపర చాలు, పత్తి ఆకు బెండ ఆకులా చీలికలై ముడుచుకుపోతుంది. ఆ పంపును ఎంత కడిగినా వచ్చే వానాకాలం పత్తికి వాడకండి. 2,4-డిని క్లొడినాఫాప్‌తో కలిపి కొడితే గడ్డి మీద క్లొడినాఫాప్ పని తగ్గుతుంది, కాబట్టి కొట్టక తప్పనప్పుడు వారం తేడాతో విడిగా కొట్టండి.

మందు పనిచేయడంలో కూడా మొక్కల సాంద్రతకు పాత్ర ఉంది. మందు దెబ్బ తిన్న కలుపు మొక్క అంతా అప్పటికప్పుడే చావదు. పది రోజులు కుంగి కూర్చుంటుంది. ఆలోపు గోధుమ ఆకులు సాళ్ల మధ్య కలిసిపోతే అది మళ్లీ లేవదు, నేల ఖాళీగా కనిపిస్తుంటే చిగురు వేస్తుంది.

ఆలస్యమైతే లెక్క మార్చండి

సోయా కోత ఆలస్యమై డిసెంబరులో విత్తాల్సి వస్తే విత్తనం పావు వంతు పెంచి ఎకరాకు 50 కిలోలు వేయండి, సాళ్ల దూరం 18 సెంటీమీటర్లకు తగ్గించండి. పిలకలు వేయడానికి చలి మిగలదు కనుక కంకులను గింజల సంఖ్యతోనే తెచ్చుకోవాలి. నత్రజనిని మాత్రం ఎకరాకు 36 కిలోలకు తగ్గించండి. పొట్టి కాలపు పైరు అంతకుమించి వాడుకోలేదు, వాడుకోనిది కలుపుకు మిగులుతుంది.

మీ చేనులోనే పరీక్ష పెట్టండి

పైన చెప్పిన అంకెలు మీ నేలకు ఎంతవరకు సరిపోతాయో చూడటానికి ఎకరంలో ఒక మూల, డ్రిల్ వెడల్పున, 20 మీటర్ల పొడవున నాలుగు పట్టెలు గుర్తు పెట్టుకోండి. ఒకదాంట్లో మామూలు విత్తనం, మామూలు యూరియా. రెండోదాంట్లో విత్తనం పావు వంతు ఎక్కువ, యూరియా మామూలు. మూడోదాంట్లో విత్తనం మామూలు, పైపాటు యూరియా లేదు. నాలుగోదాంట్లో విత్తనం ఎక్కువ, పైపాటు లేదు. ప్రతి పట్టెలో చివరి 2 మీటర్లకు కలుపు మందు తగలకుండా గోనెపట్టా కప్పండి. కంకులు పూర్తిగా బయటికి వచ్చాక మీటరు కర్రతో కంకులు లెక్కపెట్టండి, 22.5 సెంటీమీటర్ల సాళ్లలో 90 ఉంటే చదరపు మీటరుకు 400 ఉన్నట్టు. కప్పి ఉంచిన చోట ఒక చదరపు మీటరు కలుపు పీకి, ఎండబెట్టి తూయండి. మొదటి పట్టెలోని కలుపు కంటే రెండో పట్టెలోది బాగా తేలికగా ఉంటే వచ్చే ఏడు విత్తనం పెంచండి. దాదాపు సమానంగా ఉంటే మీ చేనుకు 40 కిలోలే చాలు, ఆ డబ్బు చేతి కలుపు కూలీకి ఉంచుకోండి.